దవడ కీలు నొప్పి, నోటి బిగువు: ఇంజెక్షన్ చికిత్సలు

దవడ కీలు నొప్పి పెట్టినప్పుడు, నోరు తగినంత తెరుచుకోనప్పుడు కీలులోకో, దాన్ని కదిలించే కండరాల్లోకో, చుట్టూ ఉన్న మెత్తని పొరల్లోకో సూదితో మందు ఎక్కించే పద్ధతులను దవడ కీలు ఇంజెక్షన్ చికిత్సలు అంటారు. కీలును ద్రవంతో కడగడం, స్టెరాయిడ్లు, హైలురోనిక్ ఆమ్లం, రోగి రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం, బొటులినమ్ టాక్సిన్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఒకదానికి బదులు మరొకటి వాడుకునే మందులు కావు. ఒక్కొక్కటీ ఒక్కో చోట, ఒక్కో కారణానికి పనికొస్తుంది.

రంగారెడ్డి జిల్లా షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో రోగి సాధారణంగా చెప్పే మాటలు రెండే: "దవడ పట్టేసింది", "నోరు తెరవస్తలేదు". ఆ రెండు మాటల వెనుక అరడజను వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. కొన్నింటికి సూది మేలు చేస్తుంది, కొన్నింటికి అక్కరకు రాదు. కొన్నింటిలో సూదిని నమ్ముకుని రోజులు గడపడమే ప్రమాదం. అందుకే ఈ చికిత్సల గురించి తెలుసుకోవడం కారణాలతోనే మొదలుపెట్టాలి.

కీలు నిర్మాణం

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే వేలి కింద ఒక గుండ్రని ఎముక కదులుతుంది. అది కింది దవడ పైకొన. పుర్రె అడుగున ఉన్న చిన్న గుంటలో అది అమరి ఉంటుంది. ఎముకకూ గుంటకూ మధ్య పల్చని చక్రిక ఒకటి ఉండి కీలును పై గది, కింది గది అని రెండుగా విడదీస్తుంది. పై గదిలో సుమారు 1.2 మిల్లీలీటర్లు, కింది గదిలో సుమారు 0.9 మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే మామూలుగా పడుతుంది. అంటే పై గది మొత్తం చిన్న టీ చెంచాలో పావు వంతు. సూదితో చేరుకోవలసిన చోటు ఇంత చిన్నది.

నోరు తెరవడంలో రెండు కదలికలు ఉన్నాయి. మొదట ఎముక ఉన్నచోటే తిరుగుతుంది. తర్వాత చక్రికతో కలిసి ముందుకు జారుతుంది. పెద్దవాళ్లలో పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఎడం మామూలుగా 40 నుంచి 55 మి.మీ. దాకా వస్తుంది. జారుడు ఆగిపోతే నోరు 25, 30 మి.మీ. దగ్గరే నిలిచిపోతుంది. ఇంట్లో చూసుకోవడానికి తేలిక మార్గం ఉంది: చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి పళ్ల మధ్య పట్టించాలి. ఎవరి వేళ్లు వాళ్ల నోటికే కొలత. మూడు పడితే సరి, రెండే పడితే చూపించుకోవాలి.

ఎడమ కీలు, కుడి కీలు ఒకే ఎముకకు రెండు కొసలు. ఒకటి మొరాయిస్తే రెండోది కూడా తేడాగా కదులుతుంది. తెరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకు ఒరిగిపోతుంటే, సాధారణంగా ఆ పక్క కీలే బిగుసుకుందని అర్థం.

నోరు ఎందుకు బిగుసుకుంటుంది

*కండరాల నొప్పి.* అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. నిద్రలో పళ్లు కొరకడం, పగలు తెలియకుండానే పళ్లు బిగించి ఉండటం, మానసిక ఒత్తిడి దీనికి తోడవుతాయి. బుగ్గ వెనుక, కణతల దగ్గర నొక్కితే నొప్పి తెలుస్తుంది.

*చక్రిక జారడం.* మొదట్లో తెరిచినప్పుడల్లా "టక్" మని శబ్దం వస్తుంది. నొప్పి లేకుండా వట్టి శబ్దం ఉంటే చాలామందికి చికిత్సే అక్కర్లేదు. ఒక రోజు ఆ శబ్దం హఠాత్తుగా ఆగిపోయి, దాంతోపాటే నోరు సగంలో నిలిచిపోతే చక్రిక ముందుకు జారి అడ్డుపడిందన్నమాట.

*అరుగుదల, కీళ్లవాతం.* వయసుతో వచ్చే అరుగుదలలో కరకరమని ఇసుక నలిగినట్టు శబ్దం వస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతం వేళ్ల కీళ్లతోపాటు దవడనూ పట్టవచ్చు.

*కీలు తప్పడం.* పెద్దగా ఆవలించినప్పుడు, పన్ను పీకించుకోవడానికి చాలాసేపు నోరు తెరిచి ఉంచినప్పుడు ఎముక గుంట దాటి ముందుకు వచ్చి ఇరుక్కుంటుంది. ఇక్కడ సమస్య తలకిందులు: నోరు మూతపడదు.

*కీలు అతుక్కుపోవడం.* చిన్నప్పుడు గడ్డం మీద పడటం, చెవి చీము కీలుకు పాకడం వల్ల ఎముకా గుంటా ఒకే ఎముకగా కలిసిపోతాయి. గడ్డం ఎదగక ముఖం చిన్నబోతుంది. దీనికి ఏ ఇంజెక్షనూ పనిచేయదు, శస్త్రచికిత్స ఒక్కటే మార్గం.

*గుట్కా బిగువు.* పోకచెక్క, గుట్కా, పాన్‌మసాలా నమిలేవారిలో బుగ్గల లోపలి పొర కింద నారలాంటి కణజాలం పేరుకుని నోరు క్రమంగా మూసుకుపోతుంది. కీలు బాగానే ఉంటుంది, బుగ్గే సాగదు. కారం తగిలితే మంట, లోపల తెల్లబారిన గట్టి పట్టీలు దీని గుర్తులు. 1952లో ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు కెన్యాలోని భారతీయ స్త్రీలలో దీన్ని వర్ణించాడు. మరుసటి ఏడాది బొంబాయి వైద్యుడు జోషి, పొర కింద నార పేరుకోవడం అన్న అర్థంలో ఇప్పటి పేరు పెట్టాడు.

ఇవిగాక జ్ఞానదంతం చుట్టూ చీము పట్టినా, పంటి వైద్యానికి మత్తుసూది వేసిన చోట కండరం బిగిసినా, నోటి క్యాన్సర్ లోపలికి పాకినా, ధనుర్వాతం వచ్చినా నోరు తెరుచుకోదు. గాయం తర్వాత దవడలు బిగిసి, మెడ, వీపు కూడా కొయ్యబారుతుంటే అది ధనుర్వాతం కావచ్చు. గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

చరిత్ర

సంస్కృతంలో హనువు అంటే దవడ. వజ్రాయుధం దెబ్బ దవడకు తగిలినందుకే ఆంజనేయుడికి హనుమంతుడని పేరు వచ్చిందని కథ. దవడ బిగుసుకుపోవడాన్ని ఆయుర్వేదం హనుగ్రహమనీ హనుస్తంభమనీ వాత రోగాల్లో చేర్చింది.

ఆధునిక కాలంలో రెండు దారులు 1934లోనే మొదలయ్యాయి. ఆ ఏడాది అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు కాస్టెన్ దవడ కీలు నొప్పినీ చెవి బాధలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. అదే ఏడాది కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగురు నుంచి హైలురోనిక్ ఆమ్లాన్ని వేరు చేశారు. కీలులోని ద్రవానికి జిడ్డునిచ్చే పదార్థం అదే. 1937లో షుల్ట్జ్ అనే వైద్యుడు, పదేపదే తప్పే దవడ కీలు చుట్టూ కణజాలాన్ని గట్టిపరిచే మందును సూదితో ఎక్కించాడు.

కార్టిసోన్ పరిశోధనకు కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాదికే హోలాండర్ అనే వైద్యుడు కీళ్లలోకి హైడ్రోకార్టిసోన్ ఎక్కించిన ఫలితాలు ప్రకటించాడు. అదే దశకంలో ఆ పద్ధతి దవడ కీలుకూ వచ్చింది. నేడు విరివిగా వాడే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ 1950ల చివర్లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి బయటికొచ్చింది. తెలుగువారికి ఆ సంస్థ పేరు కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసేదాకా ఆ సంస్థలోనే పరిశోధనలు నడిపారు. ఆయన నాయకత్వంలో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్ నేడు రుమటాయిడ్ కీళ్లవాతానికి మూలమందు. ఆ జబ్బుతో దవడ పట్టేసినవారికి కీలులో వేసే సూదికంటే శరీరమంతటా జబ్బును అణిచే ఈ మందే ముందు నిలుస్తుంది.

1975లో జపాన్‌లో ఒనిషి అనే వైద్యుడు సన్నని అంతర్దర్శినితో దవడ కీలు లోపలికి చూశాడు. అంతర్దర్శినితో చికిత్స చేసిన చోట్ల, చక్రికను ముట్టుకోకుండా కీలును కడిగినంత మాత్రానే నోరు తెరుచుకోవడం వైద్యులు గమనించారు. అలాంటప్పుడు అంతర్దర్శిని ఎందుకు, రెండు సూదులు చాలవా అన్న ప్రశ్నకు 1991లో జెరూసలేంకు చెందిన డోరిట్ నిట్జన్, సహచరులతో కలిసి జవాబు చెప్పారు. రెండు సూదులతో కీలు కడిగే పద్ధతి అలా స్థిరపడింది.

చికిత్స రకాలు

*కీలు కడగడం.* పై గదిలోకి ఒక సూదితో రింగర్స్ లాక్టేట్ లేదా సెలైన్ ఎక్కించి రెండో సూదితో బయటికి వదులుతారు. వాపు కలిగించే రసాయనాలు కొట్టుకుపోతాయి, అంటుకున్న చక్రిక వదులవుతుంది. నోరు హఠాత్తుగా నిలిచిపోయి కొద్ది వారాలే అయినవారికి దీని మేలు స్పష్టంగా కనిపిస్తుంది.

*స్టెరాయిడ్లు.* ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటివాటిని మిల్లీలీటరు లోపు మోతాదులో వేస్తారు. కీలు లోపల నిజంగా వాపు ఉన్నప్పుడే ప్రయోజనం. మళ్లీ మళ్లీ వేస్తే మృదులాస్థి, ఎముక కరిగే ముప్పు ఉంది కాబట్టి సూదికీ సూదికీ మధ్య నెలల వ్యవధి ఉంచుతారు.

*హైలురోనిక్ ఆమ్లం.* అరిగిన కీలులో పల్చబడిన ద్రవానికి జిడ్డు తెచ్చే ప్రయత్నం ఇది. ఒంటిగానూ, కీలు కడిగిన తర్వాతా ఇస్తారు.

*ప్లేట్‌లెట్ల ద్రవం.* రోగి చేతి నుంచి కొద్దిగా రక్తం తీసి యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కబడిన భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. తయారీ పద్ధతి ఆసుపత్రికొక తీరుగా ఉండటం వల్ల ఫలితాలను పోల్చడం కష్టం.

*బొటులినమ్ టాక్సిన్.* 1989లో అమెరికా మెల్లకన్ను, కనురెప్పల బిగువు చికిత్సలకు దీన్ని ఆమోదించింది. నమిలే కండరాలు మితిమీరి బిగిసేవారికి దవడలోనూ వాడుతున్నారు. కొన్ని రోజుల్లో పని మొదలై మూడు, నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ వేస్తే కండరం పలచబడుతుంది, నమిలే బలం తగ్గుతుంది.

*కండరంలోని నొప్పి ముడులకు సూది.* బుగ్గ కండరంలో తడిమితే దొరికే గట్టి ముడిలోకి లిగ్నోకేన్ అనే మత్తుమందు కొద్దిగా ఎక్కించి, వెంటనే కండరాన్ని సాగదీస్తారు. సాగదీయడం లేకపోతే సూది వేసిన ఫలం నిలవదు.

*తప్పే కీలుకు.* ఇక్కడ ఉద్దేశం కీలును వదులు చేయడం కాదు, బిగించడం. 1964లో బ్రాహ్మన్ వర్ణించిన పద్ధతిలో రోగి రక్తాన్నే తీసి సుమారు రెండు మిల్లీలీటర్లు పై గదిలోకి, ఒకటి కీలు తిత్తి చుట్టూ ఎక్కిస్తారు. తర్వాత కొన్ని రోజులు గడ్డానికి కట్టు కట్టి కదలికను అదుపు చేస్తారు. గాఢ డెక్స్‌ట్రోజ్ కూడా ఇదే పనికి వాడతారు.

*గుట్కా బిగువుకు.* బుగ్గ లోపలి పొర కింద డెక్సామెథసోన్ లేదా ట్రయామ్సినలోన్‌తోపాటు హైలురోనిడేస్ అనే ఎంజైమును, చాలాచోట్ల 1500 యూనిట్ల చొప్పున, వారం వారం కొన్ని వారాలపాటు వేస్తారు.

ఈ చివరి మందు పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అరిగిన కీలులోకి ఎక్కించేది హైలురోనిక్ ఆమ్లం. బుగ్గలోకి ఎక్కించేది ఆ ఆమ్లాన్నే కరిగించే ఎంజైము. ఒకచోట పోస్తున్నదాన్ని ఇంకోచోట తీసేస్తున్నారు. ఇద్దరు రోగులూ డాక్టరుతో చెప్పిన మాట ఒక్కటే, నోరు తెరవస్తలేదని. మాట ఒకటే గనుక మందూ ఒకటే అనుకుంటే ఎంత పొరపాటో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

కీలు కడిగే తీరు

రోగిని కుర్చీలో వెనక్కి వాలుగా పడుకోబెట్టి ముఖాన్ని నొప్పి లేని పక్కకు తిప్పుతారు. చెవి రంధ్రంలో దూది పెడతారు. చర్మాన్ని బెటాడిన్‌తో తుడుస్తారు. చెవి రంధ్రం ముందున్న మెత్తటి మిట్ట మధ్య నుంచి కంటి బయటి కొన దాకా పెన్నుతో గీత గీస్తారు. ఆ గీత మీద మిట్టకు 10 మి.మీ. ముందు, గీతకు 2 మి.మీ. కింద ఒక చుక్క, 20 మి.మీ. ముందు, 10 మి.మీ. కింద రెండో చుక్క పెడతారు.

మత్తుసూది వేశాక రోగిని నోరు తెరవమంటారు. ఎముక ముందుకు జరిగి వెనుక కొంచెం చోటు ఏర్పడుతుంది. మొదటి చుక్క దగ్గర సూది ఆ చోటులోకి దిగుతుంది. రెండు, మూడు మిల్లీలీటర్ల ద్రవం తోయగానే కీలు ఉబ్బుతుంది, సిరంజి పిస్టన్ తనంతట తానే వెనక్కి నెట్టుకొస్తుంది. సూది సరైన గదిలో ఉందనడానికి డాక్టరు చేతికి తెలిసే గుర్తు అది. రెండో చుక్కలో సూది దిగగానే దాని చివర నుంచి చుక్కలు రాలడం మొదలవుతుంది. సాధారణంగా 100 నుంచి 200 మిల్లీలీటర్ల దాకా పారనిస్తారు. మధ్యమధ్యలో రోగి దవడను అటూ ఇటూ కదుపుతాడు. మందు వేయాలనుకుంటే చివర్లో ఒక సూది తీసేసి రెండోదాని గుండా వేస్తారు. సూదులు తీశాక స్కేలుతో మళ్లీ కొలుస్తారు. కోత లేదు, కుట్టు లేదు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు.

ముప్పులు

మత్తుమందు ముఖనాడికి సోకి కొన్ని గంటలు కనురెప్ప మూతపడకపోవడం, వాపు, చెవి దగ్గర రక్తం కమిలిపోవడం కనిపిస్తాయి. చీము పట్టడం అరుదు, కానీ పడితే తీవ్రం. కీలు గుంట పైకప్పు పల్చని ఎముక, దానికి పైన మెదడు; వెనుక చెవి. అందువల్ల శిక్షణ లేని చేతికి ఈ చోటు అప్పగించకూడదు. స్టెరాయిడ్ చర్మం కింద మిగిలితే అక్కడ గుంట పడి తెల్లబారవచ్చు. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. రక్తం పల్చబరిచే మందులు వాడేవారు, గర్భిణులు, కీలు దగ్గర చర్మానికి చీము ఉన్నవారు ముందే చెప్పాలి. ఎదిగే పిల్లల్లో కీలులోకి స్టెరాయిడ్ వేయడానికి వైద్యులు చాలా వెనకాడతారు, దవడ ఎదుగుదల కేంద్రం అక్కడే ఉంది.

ఆధారాలు ఏమంటున్నాయి

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు మూడు నెలలకు పైబడిన దవడ నొప్పికి దొరికే చికిత్సలను తూచి చూశాయి. దవడను చేత్తో కదిలించే ఫిజియోథెరపీ, కండరం ముడులను నొక్కి వదిలించడం, పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, నొప్పిని తట్టుకునే ఆలోచనా శిక్షణ బలమైన సిఫారసు పొందాయి. కీలు కడగడం, స్టెరాయిడ్, హైలురోనిక్ ఆమ్లం, బొటులినమ్ టాక్సిన్, కండర ముడులకు సూది ఇవన్నీ వద్దనే వైపుకు, షరతులతో, పడ్డాయి. షరతులతో అనడంలో అర్థముంది: అందరికీ మొదటి చికిత్సగా ఇవ్వవద్దు, ఏ రోగికి ఏది తగునో చూసి నిర్ణయించండి అని.

ఈ తూకం దీర్ఘకాలపు నొప్పికి సంబంధించినది. నిన్నమొన్న చక్రిక అడ్డుపడి నోరు నిలిచిపోయినవారి పరిస్థితి వేరు. వారిలో వ్యాయామం, చేత్తో కదిలించడం ఫలించకపోతే కీలు కడగడం సమంజసమైన తరువాతి మెట్టు. మొత్తం మీద మెట్లు ఇవి: విశ్రాంతి, కాపడం, మెత్తటి తిండి, కొద్ది రోజుల నొప్పి మాత్రలు, వ్యాయామం ముందు, సూది తర్వాత, కోత ఆఖరున.

షాబాద్ ప్రాంతంలో

షాబాద్ మండలం చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలో భాగం. పంటపొలాల మధ్య చందనవెల్లి పారిశ్రామిక ప్రాంతం పెరిగాక వ్యవసాయ కూలీలతోపాటు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులూ ఇక్కడ చేరారు. దవడ నొప్పి వచ్చినవారు తొలుత ఊళ్లో దొరికే సూది వేయించుకోవడం మామూలే. తుంటికి వేసే ఆ నొప్పి సూది రెండు రోజులు ఉపశమనం ఇస్తుంది. కీలులోని అడ్డును అది తాకదు. కీలులోకి వేసే ఇంజెక్షనూ ఇదీ ఒకటి కాదని ప్రతి ఇంటికీ తెలియాలి.

దవడ నొప్పికి, బిగువుకు చూపించుకోవలసింది నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్స నిపుణుడైన దంతవైద్యుడికి. డెంటల్ కళాశాల ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. షాబాద్ వారు చేవెళ్ల, మన్నెగూడల మీదుగా వికారాబాద్‌లోని శ్రీ సాయి డెంటల్ కళాశాలకు వెళ్లవచ్చు. మొయినాబాద్ దారిన హైదరాబాద్ చేరితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ డెంటల్ కళాశాల ఆసుపత్రి ఉంది. ధనుర్వాతం, ప్రమాద గాయాల వంటి అత్యవసరాలకు మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలోని భాస్కర్ మెడికల్ కళాశాల ఆసుపత్రి, చేవెళ్లలోని ఆసుపత్రులు దగ్గర.

దూరం చికిత్సను నేరుగా దెబ్బతీసేది గుట్కా బిగువులోనే. వారానికొక సూది అంటే వారానికొక రోజు కూలి పోవడం. నొప్పి కాస్త తగ్గగానే రావడం మానేస్తారు, నోరు మళ్లీ మూసుకుంటుంది. గుట్కా ఆపకుండా సూదులు వేయించుకుంటే ఫలితం నిలవదు. పైగా ఇది క్యాన్సర్‌కు దారితీయగల స్థితి. కేరళలోని ఎర్నాకుళంలో 17 ఏళ్లపాటు గమనించిన 66 మందిలో ఐదుగురికి క్యాన్సర్ వచ్చింది. పొగాకు కలవని వట్టి పోకచెక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో పేర్కొంది. అందుకే ఈ రోగులు నోరు తెరుచుకున్నాక కూడా ఏటా పరీక్షకు వెళ్లాలి.

సూది తర్వాత

ఇంజెక్షన్ తగ్గించేది నొప్పిని, వదిలించేది బిగువును. వచ్చిన ఎడాన్ని నిలుపుకోవడం రోగి చేతిలోనే ఉంది. డాక్టర్లు చెప్పే తేలిక వ్యాయామం ఐస్‌క్రీం పుల్లలతో చేసేది. ముందు పళ్ల మధ్య నొప్పి లేకుండా ఎన్ని పుల్లలు పడితే అన్ని దొంతరగా పెట్టి కొంతసేపు ఉంచాలి. రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. తేలికైనప్పుడు మధ్యలోకి ఇంకొక పుల్ల దూర్చాలి. తప్పే కీలుకు సూది వేయించుకున్నవారు మాత్రం ఈ వ్యాయామం చేయకూడదు, వారికి కావలసింది కదలకుండా ఉంచడం.

తిండిలో మార్పు కొన్ని వారాలే. జొన్నరొట్టెను పాలలోనో మజ్జిగలోనో నానబెట్టి తినవచ్చు. మెత్తటి అన్నం, పప్పు, జావ సరిపోతాయి. సకినాలు, కాల్చిన మక్కకంకి, చెరుకుగడ, బొక్కల కూర కొంతకాలం పక్కన పెట్టాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి. పెదవులు కలిసి ఉన్నా పళ్లు ఎడంగా ఉండటం దవడకు విశ్రాంతి స్థితి. పనిలో ఉన్నప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని సరిచూసుకోవాలి.

సూదికి ఒప్పుకునే ముందు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగడం రోగి హక్కు: నా నోరు బిగిసింది కీలు వల్లనా, కండరం వల్లనా, బుగ్గ వల్లనా? ఏ మందు వేస్తున్నారు, ఎక్కడికి? వ్యాయామంతో ముందు ప్రయత్నించవచ్చా? ఇప్పుడు నా నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది? ఆ చివరి అంకెను ఓపీ చీటీ మీద తేదీతో సహా రాయించుకోవాలి. సూది వేసిన రోజున, నెలకు, మూడు నెలలకు దాని కిందే కొత్త అంకెలు రాయిస్తూ పోవాలి. చికిత్స పనిచేసిందో లేదో ఇంట్లో అందరికీ అర్థమయ్యే లెక్క అదే.